కత్తి దూయవచ్చు, తల తెగిందనరాదు

2003 చలికాలం. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ల గది. రాత్రి పన్నెండు దాటింది. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు పైకి జరుగుతున్నాయి. ఆ అక్షరాల్లో నేనొక కోటకు కావలి కాస్తున్న ఖడ్గవీరుణ్ణి. ఎదుట మరొక వీరుడు. అతడు ఏ దేశంలో, ఏ గదిలో కూర్చుని ఉన్నాడో నాకు తెలియదు. నేను ఉత్సాహంగా నాలుగు వాక్యాలు రాశాను: నా కత్తి మెరిసింది, అతని భుజం చీలింది, అతడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు, కళ్ళలో భయం కనబడింది. రాసి, నా వచనానికి నేనే మురిసిపోయాను.

అవతలి నుంచి కొంతసేపు ఏమీ రాలేదు. ఆ తరువాత జంట కుండలీకరణాల నడుమ ఒక చిన్న మాట వచ్చింది. సారాంశం ఇది: నీ కత్తి నీది, దాన్ని ఎలాగైనా దూయి. నా భుజం మాత్రం నాది. అది చీలిందో లేదో నేను రాస్తాను.

సిగ్గుపడ్డాను. అంతకన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయాను. ఈ మర్యాదను ఎవరు నిర్ణయించారు? ఎప్పటి నుంచి ఉన్నది? ఆ కుతూహలం ఆ చలికాలంతో పోలేదు. అప్పుడొకటి అప్పుడొకటిగా చదువుతూ వచ్చిన విషయాలను ఇన్నాళ్ళకు ఒకచోట చేరుస్తున్నాను. చదువరులు ఓపిక పట్టాలి.

పాత్ర ధరించి, ముందే రాసిపెట్టిన నాటకం లేకుండా కథ నడిపించే ఆట అచ్చులోకి వచ్చినది 1974లో. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'ను ఆ సంవత్సరం వెలువరించారు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆ ఆటలో ధర్మసందేహం వచ్చినా చిక్కు లేదు. పాచికలున్నాయి, వాటి పైన ఒక మధ్యవర్తి ఉన్నాడు. వేటు తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. పాచిక చెప్పనిది మధ్యవర్తి చెబుతాడు. పైగా అందరూ ఒకరి ముఖం ఒకరు చూస్తూనే ఉంటారు. ఎదుటివాడు నొచ్చుకున్నాడో లేదో కనుబొమలు చెబుతాయి.

నాలుగేళ్ళకు, 1978లో, ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 'మడ్' అనే కార్యక్రమాన్ని రాయడం మొదలుపెట్టాడు. పలువురు ఒకే సమయంలో ఒకే కల్పిత లోకంలోకి ప్రవేశించి, అక్షరాల ద్వారానే సంచరించగలిగిన తొలి లోకాల్లో ప్రసిద్ధమైనది ఇదే. 1980లో దాని బాధ్యత అతని సహాధ్యాయి రిచర్డ్ బార్టిల్ చేతికి వచ్చింది. అక్కడ నిధులు వెదికి తెచ్చి ఒక బురదగుంటలో పడవేస్తే గుణాంకాలు వస్తాయి. పోరాటంలో మరొకరి చేతిలో చచ్చిపోతే ఆ పాత్ర శాశ్వతంగా చెరిగిపోతుంది; వారాల తరబడి సంపాదించినదంతా బురదలో పోసినట్టే. గెలుపోటములను లెక్కించేది యంత్రం గనుక ఇక్కడ కూడా 'నా భుజం నాది' అనే వివాదానికి తావు లేదు. మర్యాద ప్రశ్నలు వేరే రూపంలో వచ్చేవి: అప్పుడే అడుగుపెట్టిన అమాయకుణ్ణి చంపవచ్చునా? యంత్రం చంపనిస్తుంది. చంపనిచ్చినదంతా చేయదగినదేనా? తగినన్ని గుణాంకాలు సంపాదించినవారు మాంత్రికులయ్యేవారు. తగవు తీర్చే పెద్దమనుషులు వారే, అల్లరి పెట్టగల బలవంతులూ వారే. మన ఊళ్ళలో రచ్చబండ సంగతి ఎరిగినవారికి ఇందులో వింత కనబడదు.

అసలు మలుపు 1989లో వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జిమ్ ఆస్ప్‌నెస్ అనే పరిశోధక విద్యార్థి ఆ యేడు ఆగస్టులో 'టైనీమడ్' అనేదాన్ని నడిపించాడు. యుద్ధాన్నీ, గుణాంకాలనూ అందులోంచి తీసివేశాడు. మిగిలినవి గదులు, వస్తువులు, మాటలు. ఎవరైనా గది కట్టుకోవచ్చు, దానికి వర్ణన రాసుకోవచ్చు. అది ఎక్కువ కాలం నడవలేదు గానీ, దాని సంతతి బహువిధాలుగా పెరిగింది. 1990లో లారీ ఫోర్డ్ తయారుచేసిన 'టైనీమష్' వాటిలో ఒకటి. అటువంటి లోకాల్లోనే నవలల పాత్రలను, నవలల ఊళ్ళను తెచ్చి సామూహికంగా కథ రాసే అలవాటు స్థిరపడింది. ఆన్ మెకాఫ్రీ నవలల ఆధారంగా 1991లో మొదలైన 'పెర్న్‌మష్' అందుకొక ఉదాహరణ.

చూడండి, ఇక్కడేం జరిగిందో. పాచికలు పోయాయి. మధ్యవర్తి పోయాడు. ముఖాలు అంతకు ముందే పోయాయి. ఎదుటివాడికి దెబ్బ తగిలిందా లేదా అని తేల్చే ఆధారం ఏదీ మిగలలేదు. ఉన్నది ఎదుటివాడి అంగీకారం ఒక్కటే. నన్ను ఆ రాత్రి సిగ్గుపడేటట్టు చేసిన నియమం ఇక్కడ పుట్టింది. ఎవరో గొప్ప మనసుతో చేసిన శాసనంగా కాదు, అది లేకపోతే ఆట రెండు వాక్యాలు కూడా సాగదు గనుక పుట్టింది. నేను ప్రయత్నాన్ని రాస్తాను, ఫలితాన్ని నువ్వు రాస్తావు. మన పత్రికల్లో గొలుసు కథలకు కలం కలిపినవారికి ఈ బాధ తెలిసే ఉంటుంది. మనం అపురూపంగా పెంచిన కథానాయికను తరువాతి రచయిత మొదటి పేరాలోనే రైలు కింద పడేసి పోతాడు!

ఈ లోకాల వ్యాకరణం కొంచెం చెప్పాలి. మాట్లాడటానికి ఒక ఆజ్ఞ ఉంటుంది. అభినయానికి మరొకటి. కోలన్ గుర్తు పెట్టి 'తలుపు తీసింది' అని రాస్తే, గదిలో ఉన్నవారందరికీ రాసినవారి పేరు ముందు చేరి 'ఫలానా తలుపు తీసింది' అని కనబడుతుంది. దీన్నే 'పోజు' అన్నారు. పేరు ముందు తగలకుండా ఏ వాక్యమైనా పలికించగల ఇంకొక ఆజ్ఞ ఉండేది, దాని పేరు 'ఎమిట్'. 'కిటికీలోంచి చల్లగాలి వీచింది' వంటి వర్ణనలకు అది అవసరం. కానీ అదే ఆజ్ఞతో మరొకరి పేరు మొదట పెట్టి, ఆ మనిషి చేయని పనిని చేసినట్టు చూపించవచ్చు. చదివేవారికి తేడా తెలియదు. ఇది కూటలేఖనమే, సందేహం లేదు. దీనికి విరుగుడుగా 'నోస్పూఫ్' అనే గుర్తు పుట్టింది. దాన్ని తగిలించుకున్నవారికి అనామక వాక్యాల ముందు అసలు రాసినవారి పేరు కూడా కనబడుతుంది. గాలి వీచితే వీచింది, వీవన ఎవరి చేతిలో ఉన్నదో తెలుస్తుంది. ఆజ్ఞను నిషేధించలేదు, దాని చాటు మాత్రమే తీసివేశారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన పరిష్కారం ఇదే.

రెండవ పెద్ద నియమం పాత్రకూ పాత్రధారికీ నడుమ గీసిన గీత. పాత్రగా పలికేది వేరు, మనిషిగా పలికేది వేరు. మనిషి మాటకు జంట కుండలీకరణాలు. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా రాముడి కథను ఆపి ఊళ్ళో సంగతులు మాట్లాడితే ఎవరూ తికమకపడరు. ఆ గొంతు మారడమే గుర్తు. అక్షరాలకు గొంతు లేదు గనుక కుండలీకరణాలు కావలసి వచ్చాయి. ఈ గీతకు ఇంకొక పార్శ్వమున్నది, అది కనబడినంత తేలిక కాదు. పాత్రధారిగా నేను తెలుసుకున్న రహస్యాన్ని నా పాత్ర వాడుకోరాదు. పక్క గదిలో జరిగిన కుట్రను నేను తెర మీద చదివి ఉండవచ్చు, నా ఖడ్గవీరుడు చదవలేదు. తెలిసినదాన్ని తెలియనట్టు నటించడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే గాని బోధపడదు. యంత్రం దీన్ని పట్టుకోలేదు, సాటివారు అనుమానించగలరు తప్ప నిరూపించలేరు.

వీటి వెంట చిన్న మర్యాదలు చాలా వచ్చాయి: వంతు తప్పకుండా రాయడం, అవసరమైనప్పుడు కథ మీద తెర దించి ముందుకు దాటించడం, నిద్ర వస్తే చెప్పి వెళ్ళడం. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగికి అవధాని ఏకాగ్రతను చెదరగొట్టే హక్కున్నది, అయినా ఎంతవరకు అన్నది ఆయనకు తెలుసు. అవధాని ఓడిపోవాలని కాక, ఆ ఒత్తిడిలో వెలగాలని ఆయన అడ్డు తగులుతాడు. మంచి ప్రతినాయక పాత్రధారి కూడా అంతే.

గీత ఎంత పలచనిదో లోకానికి తెలియజెప్పిన ఘటన 1993లో జరిగింది. పావెల్ కర్టిస్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ ప్రయోగశాలలో 1990లో 'లాంబ్డామూ' అనే లోకాన్ని ప్రారంభించాడు. తన ఇంటి నమూనాలోనే ఒక భవంతిని అక్షరాలతో కట్టాడు. కొత్తవారు కోట్లు తగిలించే అలమరలో కళ్ళు తెరిచేవారు. అది దాటితే కూర్చునే గది, ఎప్పుడూ సందడిగా ఉండేది. జనం పెరిగి తగవులూ పెరగడంతో విసిగిన కర్టిస్ 1992 డిసెంబరులో ఒక ప్రకటన చేశాడు: ఇకపై నిర్వాహకులు యంత్రం సంగతి మాత్రమే చూస్తారు, మనుషుల తగవుల్లో జోక్యం చేసుకోరు. ఇల్లు కట్టి ఇచ్చాం, కాపురం మీరే చక్కదిద్దుకోండి అన్నట్టు.

కొద్ది నెలలకే, ఒక రాత్రి, ఆ కూర్చునే గదిలో 'మిస్టర్ బంగిల్' అనే విదూషక వేషధారి ఒక బాణామతి బొమ్మను వాడటం మొదలుపెట్టాడు. ఆ బొమ్మ నిజానికి ఒక చిన్న కార్యక్రమం. అది ఇతరుల పేర్ల మీద వారు చేయని చేష్టలను గదిలో అందరికీ కనబడేటట్టు ప్రకటిస్తుంది. దానితో అతడు అక్కడున్న కొందరి పాత్రల మీద లైంగిక హింసను, వారి చేతనే చేయించినట్టుగా, రాస్తూపోయాడు. ఎమిట్ గురించి ఇందాక చెప్పినదే, కానీ ఏ స్థాయికి పోయిందో చూడండి. బాధితుల్లో ఒకరి పాత్ర పేరు లెగ్బా. ఆ పాత్ర వెనుక సియాటిల్ నగరంలో ఒక స్త్రీ ఉన్నది. మరునాడు ఆమె అతణ్ణి వెలివేయమని రాసింది; ఆ మాటలు రాస్తున్నప్పుడు తన కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయని తరువాత చెప్పుకున్నది. శరీరానికి ఏమీ కాలేదు. కన్నీళ్ళు మాత్రం శరీరానివే.

వెలివేతకు అక్కడి పేరు 'టోడ్' చేయడం. మాంత్రికుడు మనిషిని గోదురుకప్పగా మార్చే జానపద కథల నుంచి, తొలినాటి మడ్‌ల మీదుగా వచ్చిన మాట. ఇక్కడ దాని అర్థం పాత్రనూ దాని సర్వస్వాన్నీ చెరిపివేయడం. ఆ పని చేయగలవారు నిర్వాహకులే, వారేమో తగవుల్లో తలదూర్చమని ప్రతిజ్ఞ పట్టారు. మూడు రోజులకు అందరూ ఒక గదిలో సమావేశమై గంటల తరబడి వాదించారు. మాటే కదా, దానికి శిక్షేమిటి అన్నవారున్నారు. మాటతోనే బతుకుతున్న చోట మాటను మించిన చేత ఏమున్నది అన్నవారున్నారు. బంగిల్ కూడా వచ్చాడు. తానొక మానసిక ప్రయోగం చేశానన్న ధోరణిలో సమాధానమిచ్చాడు. తీర్మానమేదీ కాకుండానే సభ చెదిరిపోయింది. ఆ రాత్రే ఒక నిర్వాహకుడు, జో ఫీడ్‌బ్యాక్ అనే పేరు గలవాడు, ఒంటరిగా ఆలోచించుకుని బంగిల్‌ను చెరిపివేశాడు.

ఆ దోషికి ఆ శిక్ష తగినదేనని నా అభిప్రాయం. కాని ఆ శిక్ష పడిన తీరు నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. సభ తేల్చలేనిదాన్ని అధికారం చేతిలో ఉన్న ఒక మనిషి చీకట్లో తేల్చాడు. ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన కర్టిస్‌కూ అది కొరుకుడు పడలేదు కాబోలు, ఎవరైనా విజ్ఞప్తి పెట్టి, సంతకాలు కూడగట్టి, అందరి ఓటుకు తీసుకురాగల పద్ధతిని ప్రవేశపెట్టాడు. మధ్యవర్తిత్వ వ్యవస్థ కూడా ఏర్పడింది. జూలియన్ డిబెల్ అనే పాత్రికేయుడు ఈ వృత్తాంతాన్ని 1993 డిసెంబరులో న్యూయార్కు పత్రిక 'విలేజ్ వాయిస్'లో రాయగా, న్యాయశాస్త్ర పండితులు సైతం దాన్ని చర్చించారు. ఆ ప్రజాస్వామ్యం మూడేళ్ళు నడిచింది. 1996 మేలో నిర్వాహకులు మరొక ప్రకటన చేశారు: సాంకేతికమైన పనిని సాంఘికమైన పని నుంచి విడదీయడం అసాధ్యమని తేలింది, ఇకపై అవసరమనుకుంటే జోక్యం చేసుకుంటాము అని. నిజాయితీ గల ఒప్పుకోలు. నోస్పూఫ్ గుర్తును కనిపెట్టినవాడు ఆ పాటికే చేసినది సాంఘికమైన పని కాక మరేమిటి?

అక్షరలోకాల్లో అనుభవంతో నేర్చుకున్న ఈ అంగీకారపు ఊసు బల్ల చుట్టూ ఆడే ఆటల్లోనూ ఆలస్యంగానైనా వచ్చింది. ఏ విషయాలు కథలోకి రానేకూడదో, ఏవి తెర చాటున జరగాలో ముందే మాట్లాడుకునే పద్ధతిని రాన్ ఎడ్వర్డ్స్ 2003లో ఒక పుస్తకంలో పెట్టాడు. 2013లో జాన్ స్టావ్రొపౌలోస్ బల్ల మధ్య ఇంటూ గుర్తున్న ఒక చీటీ ఉంచమన్నాడు. దాన్ని ఎవరు తాకినా, కారణం అడగకుండా, ఆ సన్నివేశాన్ని వదిలేయాలి. ముఖాలు కనబడుతున్నా చీటీ కావలసి వచ్చిందన్నమాట. ముఖాలు చూస్తే సరిపోతుందని మొదట్లో నేనన్న మాట అంత నిజం కాదేమో.

ఇక నా సంగతి. ఆ మొదటి రాత్రి పాఠం తరువాత నేను ఎవరి భుజాన్నీ వారి అనుమతి లేకుండా చీల్చలేదు. నన్ను దిద్దిన ఆ వీరుడి వెనుక ఉన్నది ఒక స్త్రీ అని తరువాత తెలిసింది. ఏడాది పాటు కలిసి కథ నడిపాము. ఒకసారి ఆమె కుండలీకరణాల నడుమ, స్నేహంగా, తన పాత్ర దాచుకున్న రహస్యాన్ని నాకు చెప్పింది: ఆ వీరుడు రాజుగారి హంతకుడి కొడుకు. తగిన సమయంలో, తానే, నెమ్మదిగా బయటపెట్టాలని అనుకుంటున్నది. నెల తిరక్కుండా నా ఖడ్గవీరుడికి పాత కాగితాలు దులపాలనే బుద్ధి పుట్టింది, ఒక ఉత్తరం దొరికింది, నిండు కొలువులో చదివాడు. కాగితాలు దులపడం నిషిద్ధం కాదు. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. కొలువంతా అదిరిపోయిందని పదిమంది పొగిడారు కూడా.

ఆమె తన వంతు తప్పకుండా రాసింది. వీరుడు కత్తిని రాజు పాదాల దగ్గర పెట్టి నడిచి వెళ్ళిపోయాడు. చక్కని వచనం. కుండలీకరణాల్లో మాత్రం ఏమీ రాయలేదు. ఆ తరువాత ఆమె రాలేదు.

రెండు నెలలకు ఆ లోకపు తపాలాలోనే ఆమెకొక క్షమాపణ రాసి పంపాను. అక్కడ పంపిన ఉత్తరం చదివారో లేదో చూపించే గుర్తు ఒకటి ఉండేది. 2005లో నిర్వాహకులు ఆ లోకాన్ని మూసివేస్తున్నామని ప్రకటించినప్పుడు, చివరి రోజున లోపలికి వెళ్ళి మరొకసారి చూశాను. చదవలేదనే ఉన్నది.