డ్రాఫ్టు ఒకరిది, సంతకం మరొకరిది

నాకు రెండేళ్లుగా వినికిడి తగ్గింది. మనవరాలు తన పాఠాలు గట్టిగా చదివి వినిపిస్తుంటుంది. మొన్న చదివింది: ఘనపరిమాణం మారకుండా వాయువును వేడిచేస్తే పీడనం పెరుగుతుంది, ఇది గే-లుసాక్ నియమం.

నిజానికి ఈ సంగతిని అంతకు వందేళ్ల ముందే, 1702లో, పారిస్‌లో గియోం అమోంటన్ కొలిచి చెప్పారు. 1663లో పుట్టిన ఆయనకు చిన్నతనంలోనే వినికిడి పోయింది. చెవుడు ఏకాగ్రతకు మేలేనని వైద్యం కూడా వద్దన్నారట! గాజుబుడ్డిలో గాలిని పాదరసంతో బంధించి, మరిగే నీటిలో ఉంచి చూశారు. పీడనం సుమారు మూడోవంతు పెరిగింది. బంధించిన గాలి ఎక్కువైనా తక్కువైనా అంతే. మరి చల్లబరుస్తూ పోతే? పీడనమే లేకుండా పోయే చలి ఒకటుండాలి. ఆయన కొలతల ప్రకారం అది ఇప్పటి లెక్కలో దాదాపు -240 డిగ్రీల సెల్సియస్. అసలు విలువ -273.15.

1802లో గే-లుసాక్ ప్రకటించింది పీడనం మారనప్పుడు ఘనపరిమాణం ఎలా పెరుగుతుందో. అయినా ఈ నియమానికీ ఆయన పేరే చాలా పుస్తకాల్లో నిలిచింది. డ్రాఫ్టు ఒకరిది, సంతకం మరొకరిది కావడం మన గుమాస్తాలకు కొత్తేమీ కాదు కదా!

అమోంటన్ 1705లో, 42 ఏళ్లకే కన్నుమూశారు. మనవరాలి పుస్తకం అంచున పెన్సిలుతో ఆయన పేరు రాసిపెట్టాను.