పదిహేడు దగ్గర ఆగిన గింజ

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, పుల్‌మన్ ఊరు. చుట్టూ గోధుమ పండే గుట్టలు. మీరు అక్కడి యూనివర్సిటీలో, మొక్కల శాస్త్రవేత్త జాన్ బ్రౌస్ ప్రయోగశాలలో ఉన్నారు. 2008కి కాస్త ముందటి రోజులవి.

ఆమ్లం కలిపిన మిథనాల్‌లో కాగిన గింజల సారం గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి వెళ్తోంది. తెర మీద శిఖరాలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. అందరూ ఎదురుచూసేవి బాగా ఆలస్యంగా వస్తాయి: రిసినోలిక్ ఆమ్లం, దానిలాంటి హైడ్రాక్సీ ఆమ్లాలు. లెక్క చూస్తే అన్నీ కలిపి 17 శాతం.

గింజ ఆముదానిది కాదు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్‌ది, అర మిల్లీమీటరు ఉంటుందేమో. ఆ ఆమ్లాలను తయారుచేసే, 1995లో గుర్తించిన ఆముదపు జన్యువును దీనిలో పెట్టారు. ఆముదం నూనెలోనైతే రిసినోలిక్ ఆమ్లమే 90 శాతం దాకా ఉంటుంది. 18 కార్బన్ల గొలుసులో 12వ కార్బన్ మీద ఒక్క హైడ్రాక్సిల్, మామూలు కొవ్వు ఆమ్లంతో అంతే తేడా. ఆ నూనెకు అంత చిక్కదనం దాని వల్లే. గ్రీజులకూ, నైలాన్-11కూ ఆముదమే కావాలి. కానీ గింజలో రిసిన్ అనే విషముంది. పాలమూరు రైతుకు ఇది కొత్త కాదు: ఆముదపు చెక్క పశువులకు పెట్టలేరు కనుక పొలానికి ఎరువుగా పోతుంది. విషం లేని గింజలో ఈ నూనె పండితే దాన్ని ముట్టుకుని పనిచేసే ప్రతి మనిషికీ మేలే. అందుకే ఆ 17 నన్ను బాధపెడుతుంది.

చిక్కు ఎక్కడుందంటే, ఆ హైడ్రాక్సిల్ చేరేది కణంలోని పొరల కొవ్వు మీద. అక్కడి నుంచి దాన్ని నూనెలోకి చేర్చడం అరబిడాప్సిస్ ఎంజైములకు సరిగా చేతకాదు. మొత్తం నూనె కూడా తగ్గిపోతుంది.

ఇటు రండి. అవే మొక్కలు, జానెడు ఎత్తు, చిట్టి తెల్లపూలు. కుండీని తలకిందులు చేసి, అగ్రోబాక్టీరియం కలిపిన పంచదార నీళ్లలో పూలను ముంచుతున్నారు. ఈసారి ఆ బాక్టీరియా మోసుకెళ్తున్నది ఆముదానిదే మరో జన్యువు, డీజీఏటీ2. కొవ్వు ఆమ్లాన్ని నూనెగా కట్టే ఎంజైముది. జతగా ఒక ఎర్ర ప్రోటీన్ జన్యువు, గుర్తుపట్టడానికి.

వారాల తర్వాత గింజల మీద ఆకుపచ్చ వెలుగు వేసి, ఎర్ర ఫిల్టర్లోంచి చూడండి. మసక గింజల గుంపులో అక్కడొకటి, ఇక్కడొకటి ఎర్రగా వెలుగుతున్నాయి. వాటినే ఏరి, నాటి, వాటి సంతతి గింజల్ని మళ్లీ యంత్రానికి ఇస్తారు.

ఆ చివరి శిఖరాలు ఈసారి ఎత్తుగా లేస్తాయి. దాదాపు 30 శాతం! ఆముదం వదిలిపెట్టని రహస్యం ఒక్క జన్యువులో లేదని నాకు పూర్తి నమ్మకం కలిగేది ఇక్కడే. 2011లో పీడీఏటీ అనే ఇంకో ఆముదపు ఎంజైమును ఇలాగే చేర్చి చూశారు. అదీ 27 శాతం దాకా తెచ్చింది.