మంథని నుంచి సభాపతి కుర్చీదాకా

మా ఖానాపూర్ దగ్గర సదర్మాట్ ఆనకట్ట దాటిన గోదావరి కిందికి పోతూ పోతూ మంథని చేరుతుంది. మంథని అనగానే అందరికీ పి.వి. నరసింహారావుగారే గుర్తొస్తారు. అక్కణ్ణించి నాలుగుసార్లు శాసనసభకు గెలిచారు కదా! 1991లో ఆయన ప్రధాని అయిన రెండు నెలలకే, అదే మంథని ఎమ్మెల్యే దుద్దిళ్ల శ్రీపాదరావుగారు ఆంధ్రప్రదేశ్ స్పీకరయ్యారు. ఈ సంగతి ఎందుకో ఎవరూ తలవరు.

సర్పంచిగా మొదలైన మనిషి. 1983లో తెలుగుదేశం గాలికి కాంగ్రెసు కోటలు కూలుతుంటే ఆయన మంథనిలో గెలిచారు. 1985లో, 1989లో కూడా.

స్పీకరంటే మాట్లాడేవాడని అర్థమే గాని, ఆయన పని ఇతరులను మాట్లాడనివ్వడం. అప్పుడు సభలో 294 స్థానాలు! ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి పనే అనుకోండి. అందరి మాటా వినాలి, తన మాట మింగాలి. ఓట్లు సమానమైతే తప్ప తనకు ఓటు కూడా ఉండదు.

1994 ఎన్నికల్లో ఓడిపోయారు. 1999 ఏప్రిల్ 13న మహాదేవపూర్ అడవుల్లో నక్సలైట్లు ఆయన్ని కాల్చి చంపారు. ఎదుటి పక్షానికి కూడా మాట వంతు ఇచ్చిన మనిషికి తన వంతు దక్కలేదు. ఇది నాకు మింగుడుపడదు.

ఆ ఏడాది ఎన్నికల్లోనే కొడుకు శ్రీధర్‌బాబు మంథనిలో గెలిచారు. గోదావరి మీద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు శ్రీపాదసాగర్ అని పేరు పెట్టారు. హైదరాబాదులో ఎన్నో ఇళ్ళ నల్లాల్లోకి వచ్చేది అక్కడి నీళ్ళే.