నల్లరేగడి మీద మేడ

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ఊళ్ళలో ఇంటి పైభాగం పంట కోసం పుట్టింది. మనుషులు కాపురం ఉండే చోటుగా అది మారడానికి చాలా కాలం పట్టింది. పత్తి బరువు తక్కువే గానీ చోటు ఎక్కువ తీసుకుంటుంది. మిరపకాయకు ఎండ కావాలి, ఎండిన కాయకు చెమ్మ తగలకూడదు. ఈ రెంటికీ నేల కన్నా ఎత్తున ఉన్న చోటే మేలు. అందుకే ఇక్కడి రైతు ఇంటి పైభాగం తరతరానికీ పంటను బట్టి, దొరికే సరుకును బట్టి మారుతూ వచ్చింది. దూలం ఎక్కించడానికి వడ్రంగి, గోడ లేపడానికి తాపీ మేస్త్రి వచ్చినా, విప్పడం, మోయడం, సున్నం నానబెట్టడం, తడపడం, పూయడం ఇంటిల్లిపాది పనే. అదీ వేసవిలోనే. కాయ కోతలు అయి, కళ్ళాలు ఖాళీ అయ్యాక, తొలకరికి ముందు దొరికే ఆ కొద్ది వారాల్లో జరిగేది.

1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పెట్టుకున్న జిల్లా మూడు పాత జిల్లాల ముక్కలతో కూర్చినది: గుంటూరు, నెల్లూరు, కర్నూలు. ఇళ్ళ కప్పుల్లో ఆ తేడాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కర్నూలు నుంచి వచ్చి చేరిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లోనూ, ఉత్తరాన పల్నాడులోనూ చదునుగా ఉండే మిద్దెలు ఎక్కువ. చీరాల, బాపట్ల, ఒంగోలు వైపు వాలు కప్పు పెంకుటిళ్ళు, తాటాకిళ్ళు. నడుమ ఉన్న చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి నల్లరేగడి ఊళ్ళలో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి.

పెంకుటింట్లో పై అంతస్తు అంటే అటక. తాటి దూలాలో వేప దూలాలో అడ్డంగా వేసి, వాటి మీద చెక్కలు పరిచేవారు. తాటిమానుకు అంచున ఉన్న చేవే బలం, నడిమి భాగం మెత్తన. కాబట్టి ముదురు చెట్టును నిలువునా చీల్చి, మెత్తటి భాగాన్ని చెక్కేసి వాడుకునేవారు. నిచ్చెన వేసుకుని ఎక్కే ఈ అటక మీద విత్తనాలు, కందులు, చింతపండు కుండలు, పండగలకు మాత్రమే దిగే ఇత్తడి సామాను ఉండేవి. వంటింటి పొగ తగిలే అటక విత్తనానికి మంచిది, పురుగు పట్టదు. పత్తికి మాత్రం పొగా నిప్పూ రెండూ శత్రువులే. ధర కోసం ఆగిన పత్తిని వంటింటికి దూరంగా, వీధి గది పైన నింపేవారు.

ఈ అటకను గదిగా మార్చుకోవడం ఇంటి పైభాగంలో జరిగిన తొలి పెద్ద మార్పు. కుమ్మరి పెంకు కప్పును ఏటా వేసవిలో తిరగేయాలి. పగిలినవి తీసి, కొత్తవి కలిపి, వరసలు సర్దాలి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ వచ్చింది, 1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలు మార్గం పూర్తయింది. తీరాంధ్ర జనం బెంగుళూరు పెంకు అని పిలుచుకునే ఆ యంత్రపు పెంకు ఇక్కడి ఊళ్ళకూ చేరింది. అది ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి పలచటి ఒక్క వరస చాలు. కుమ్మరి పెంకు దింపి ఇది ఎక్కించేటప్పుడు, ఎలాగూ కప్పు విప్పారు గనక, గోడను నాలుగు వరసలు పెంచి మనిషి నిలబడేంత ఎత్తు తెచ్చుకున్న ఇళ్ళున్నాయి. నిచ్చెన పోయి చెక్క మెట్లు వచ్చాయి. పిల్లల చదువుకూ, చుట్టాల పడకకూ పైన ఒక చోటు ఏర్పడింది.

మిద్దె ఇళ్ళ సంగతి వేరు. అక్కడ కప్పే పై అంతస్తు. దూలాల మీద కర్రలో నాపరాళ్ళో పరిచి, ఆకు పొర వేసి, మట్టి తొక్కి, పైన చౌడు పోసేవారు. చౌడులో గడ్డి మొలవదు, నీరూ త్వరగా దిగదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు ఎత్తుకొచ్చి పోసుకోవడం ఇంటి మగవాళ్ళ పని. ఎండాకాలం రాత్రి పడకలు, పగలు మిరపకాయలు ఆ మిద్దె మీదే. ఏళ్ళ తరబడి పోసిన మట్టి పేరుకుని దూలాలు వంగినప్పుడు మాత్రం పాత మట్టి మొత్తం దింపక తప్పేది కాదు. చాలా మిద్దెలు వానకు కాదు, ఈ బరువుకే కూలాయి.

వీటన్నిటిలో మేలైనది సున్నపు డాబా. మద్రాసు టెర్రస్ అని ఇంజనీర్లు పిలిచే ఈ పద్ధతి కృష్ణా కాలువల మీద, పొగాకు మీద డబ్బు చూసిన కుటుంబాలతో పల్లెలకు వచ్చింది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. 1920ల తర్వాత వర్జీనియా పొగాకు గుంటూరు మెట్టలో విస్తరించింది. ఈ రెంటి ఫలితాన్ని పాత మేడల టేకు దూలాల్లో చూడవచ్చు. ఆ టేకులో మంచిది బర్మా నుంచి ఓడల్లో వచ్చింది. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ దారి మూతపడింది. దూలాల మీద సన్నటి టేకు పట్టెలు దగ్గరదగ్గరగా వేసి, వాటి పైన అంగుళం మందం చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చేవారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర. ఆ పొరను రోజుల తరబడి దిమ్మిసలతో, చెక్క పలకలతో కొట్టాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొట్టాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పని. పలక కొడితే పొర మీద గుర్తు పడకుండా ఉన్నప్పుడే పని అయినట్టు లెక్క.

సున్నానికి ఈ నేల కొరత పెట్టలేదు. పిడుగురాళ్ళ చుట్టూ సున్నపురాయి బట్టీలున్నాయి, తీరం వెంట గుల్ల సున్నం దొరికేది. ఎద్దు తిప్పే రాతి చక్రం గుండ్రటి కాలువలో సున్నాన్నీ ఇసుకనూ నలిపేది. ఆ గానుగ సున్నంతో కట్టిన గోడలు గట్టిగా నిలిచాయి.

కొత్త మేడకు పాత ఇంటి కలప వాడుకోవడం ఇక్కడ మామూలు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు దూలాలు, ద్వారబంధాలు కూడా వాటాల్లోకి వచ్చేవి. అయితే కనిపించిన ప్రతి పాత కట్టడాన్నీ సరుకుగా చూసే అలవాటుకు ఈ ప్రాంతం పెద్ద మూల్యమే చెల్లించింది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి పట్నం కట్టిస్తుండగా, దీపాలదిన్నె అని పిలిచే బౌద్ధ స్తూపం తవ్వి ఇటుకలు, సున్నపురాతి శిల్ప ఫలకాలు తీసుకుపోయారు. 1797 ప్రాంతంలో సర్వేయరు కాలిన్ మెకంజీ వెళ్ళేసరికే దిన్నె చెదిరిపోయింది. పోయిన ఆ శిల్పాలు తిరిగి రావు.

ఈ ఊళ్ళలో పాత మేడలు తక్కువే. దానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విడుస్తుంది. ఏటా ఇలా కదిలే నేల మీద గోడ మూలల్లోనూ కిటికీల పైనా బీటలు వారుతుంది. తెలిసిన పెద్దలు సుద్ద నేల తగిలేదాకా తవ్వి, ఇసుక పోసి, నీళ్ళతో కూరి పునాది తీసేవారు. అలా తీసిన ఇంటి మీదే మేడ లేచింది. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఈ మైదానం భూమి కదలికలకు అతీతం కాదని ఆనాడు తెలిసింది.

అదే 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద పత్తి, మిర్చి కొత్త ఊపు అందుకున్నాయి. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958 నుంచే ఉన్నా, పర్మిట్ల కాలంలో రైతుకు సిమెంటు సులువుగా దొరికేది కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివి, రేపల్లె వైపు డాబాల మీదికి ఎక్కగలిగినవాళ్ళు బతికారు. ఆ తర్వాత స్లాబు మీద జనానికి గురి కుదిరింది. 1982లో సిమెంటు మీద ప్రభుత్వ అదుపు కొంత సడలింది, 1989లో పూర్తిగా తొలగింది. ఊళ్ళలో పెంకులు దిగి స్లాబులు లేచింది ఈ ఏళ్ళలోనే. తీరం నుంచి వచ్చిన సరుగుడు కర్రలతో సెంట్రింగ్ కట్టి, చేత్తో మాలు కలిపి, బంధువులూ ఇరుగుపొరుగూ వరసగా నిలబడి గమేళాలు అందించుకుంటూ ఒక్క రోజులో స్లాబు పోసేవారు. తర్వాత మడి కట్టి నీళ్ళు నిలపడం మళ్ళీ ఇంటివాళ్ళ బాధ్యతే. 1987, 88లో పత్తి దెబ్బతిని ఈ జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పైన గది వేయడానికని వదిలిన ఇనుప చువ్వలు తుప్పు పడుతున్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పత్తి ఊళ్ళ చరిత్రలో అవీ భాగమే.

శీతల గిడ్డంగులు పెరిగాక మిర్చి టిక్కీలు (బస్తాలు) ఇల్లు వదిలాయి. పైభాగం మనుషులకు మిగిలింది. అన్నకు కింద, తమ్ముడికి పైన అని పంచుకున్న ఇళ్ళకు మెట్లు బయటికి వచ్చాయి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట ఇళ్ళ పై వాటాలు అద్దెకు వెళ్ళాయి. అనుమతి లేని అంతస్తులను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకాన్ని ప్రభుత్వం 2007 చివర్లో ఒకసారి, 2015లో మరోసారి తెచ్చింది. కాగితం సరిపడినంత మాత్రాన గోడకు బలం రాదు.

సున్నపు డాబా కారుతుంటే పైన సిమెంటు పూయడం ఇప్పుడు అందరూ చేస్తున్న పని. అది తప్పు. సిమెంటు పొర కింద చిక్కిన తడి బయటికి పోలేక, గోడలోకి దిగిన దూలం కొనలు చీకుతాయి. బీటలను సున్నం, ఇటుక పొడితోనే పూడ్చాలి. ఇక పెంకు దింపి స్లాబు వేయాలనుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది, బెంగుళూరు పెంకు కప్పు కలపతో కలిపినా అందులో మూడో వంతు ఉండదు. మట్టితో కట్టిన గోడ ఆ బరువు కోసం కట్టింది కాదు. పని మొదలుపెట్టే ముందు గోడ పక్కన గుంట తీసి, పునాది ఎంత లోతుందో, ఏ నేల మీద కూర్చుందో ఇంజనీరుకు చూపించండి.