కొలతకు, అంచనాకు నడుమ: కెలోరీ లెక్కల చరిత్ర – పర్ణశాల నేపథ్యం

ఉపోద్ఘాతం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల గోదావరి తీరాన వెలసిన యాత్రాస్థలం. ఈ ప్రాంతపు కోయ గూడేలలో వేసవి వచ్చిందంటే ఇప్పపువ్వు ఏరుకోవడం, తునికాకు కోయడం ముఖ్యమైన జీవనాధారాలు. వంగి ఏరి, కట్టలు కట్టి, మోసుకొచ్చే ఈ శ్రమను మణికట్టు మీది ఫిట్‌నెస్ ట్రాకర్ ఎన్ని కెలోరీలుగా లెక్కిస్తుంది? ఆ సంఖ్యను ఎంతవరకు విశ్వసించవచ్చు? కెలోరీ లెక్కల చరిత్ర నుంచి ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొలత అంచనాగా మారిన తీరు

దేహం ఖర్చు చేసే శక్తికీ, పీల్చుకునే ఆక్సిజన్‌కూ గల సంబంధాన్ని 18వ శతాబ్ది చివరలో లావోయిజర్ నిరూపించాడు. 1890లలో అమెరికాలో అట్‌వాటర్ బృందం మనిషిని ప్రత్యేకమైన గదిలో ఉంచి శక్తివ్యయాన్ని కొలిచింది. 1919లో హారిస్, బెనెడిక్ట్‌లు బరువు, ఎత్తు, వయస్సుల ఆధారంగా విశ్రాంతిస్థితిలోని వ్యయాన్ని గణించే సమీకరణాలు ప్రకటించారు. వ్యక్తిని కొలవకుండానే, ఇతరుల సగటు నుంచి అతని సంఖ్యను ఊహించడం దీనితో సులువైంది.

భారతీయ సందర్భం

1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఆరంభించిన పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా స్థిరపడింది. అంతర్జాతీయ సమీకరణాలు సూచించే విశ్రాంతిస్థితి వ్యయం కంటే భారతీయుల వ్యయం సుమారు 5 శాతం తక్కువని భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాలు పరిగణించాయి. 1979లో ప్రణాళికా సంఘం కార్యదళం గ్రామాలలో 2400, పట్టణాలలో 2100 కెలోరీల సగటు అవసరాన్ని దారిద్ర్యరేఖకు ఆధారం చేసుకుంది. సగటు సంఖ్య ఇలా పేదరికాన్ని నిర్ణయించే గీతగా మారింది.

మణికట్టు మీది సగటు

ట్రాకర్ కెలోరీలను నేరుగా కొలవదు. చేతి కదలికనూ, గుండె వేగాన్నీ నమోదు చేసి, ధరించినవారి బరువు, వయస్సులను కలిపి అంచనా కడుతుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందిపై ఏడు పరికరాలను పరీక్షించారు. ఆరింటిలో గుండె వేగపు దోషం 5 శాతం లోపే ఉంది. శక్తివ్యయంలో మాత్రం అన్నింటికన్నా మెరుగైన పరికరానికే సగటు దోషం 27 శాతం. అధమమైనదానికి 93 శాతం. అంటే నిజంగా 300 కెలోరీలు ఖర్చయినచోట మెరుగైన పరికరమే 219 అనో, 381 అనో చూపే అవకాశం ఉంది.

బరువు తగ్గదలచినవారికి ఇది చిన్న దోషం కాదు. చూపిన అదనపు 81 కెలోరీలను నమ్మి తిన్నవారికి ఆశించిన లోటు దక్కదు. దేహం తేలికయ్యేకొద్దీ దాని వ్యయమూ తగ్గుతుంది. పాత బరువును సవరించకపోతే దోషం పెరుగుతుంది. 2016లో వెలువడిన పిట్స్‌బర్గ్ అధ్యయనం ఈ పరికరాల కచ్చితత్వాన్ని కాక ఫలితాన్ని పరిశీలించింది: రెండేళ్లలో ట్రాకర్ ధరించినవారు సగటున 3.5 కిలోలు, ధరించనివారు 5.9 కిలోలు తగ్గారు.

పర్ణశాల వంటి చోట సమస్య మరింత జటిలం. తలపై బరువు మోసేవారి చేయి కదలకపోవచ్చు; ఆ భారం పరికరానికి తెలియదు. గుండె వేగం శ్రమ వల్లనే కాక ఎండవేడికీ పెరుగుతుంది.

ముగింపు

ఒకే వ్యక్తి తన నిన్నటి నడకను నేటితో పోల్చుకోవడానికి ట్రాకర్ ఉపకరిస్తుంది. ఆహారాన్ని నిర్ణయించడానికి దాని కెలోరీ సంఖ్య చాలదు. వారాల తరబడి తూచుకున్న బరువే మెరుగైన సాక్ష్యం. గిరిజన శ్రమపై పరిశోధించేవారికి ఈ హెచ్చరిక ఇంకా ముఖ్యం. ఎవరి దేహాల నుంచి ఆ సగటు పుట్టిందో అడగకుండా స్వీకరిస్తే, కష్టం ఎక్కువైన దేహానికే ఆకలి తక్కువగా లెక్కకట్టే ప్రమాదం ఉంది.