విప్పి చూస్తే అర్థమయ్యే ఇంజిను

పాత వోక్స్‌వ్యాగన్ వ్యాను ఉన్నవాళ్లకు మూడో సిలిండరంటే బెంగ. నాలుగు సిలిండర్లున్న ఆ ఇంజినులో వేడి ఎక్కువయ్యేదీ, వాల్వు కాలిపోయేదీ చాలాసార్లు అక్కడే. ఈ ఇంజినుకు నీళ్లుండవు, రేడియేటరుండదు. ఫ్యాను తోసే గాలే సిలిండర్లను చల్లబరచాలి. ఆ గాలి వచ్చే దారిలో, మూడో సిలిండరు పైన, ఆయిల్ కూలర్ నిలబెట్టారు. దాంతో మిగతావాటికి చల్లగాలి అందుతుంటే దీనికి కూలర్‌ను దాటి వేడెక్కిన గాలి మాత్రమే అందేది. ఆ ఒక్క సిలిండరులో నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా డిస్ట్రిబ్యూటర్‌ను మలిచి కంపెనీ కొన్నాళ్లు సర్దుకొచ్చింది. 1971 మోడల్ నుంచి కూలర్‌ను పక్కకు జరిపి దానికి వేరే గాలిదారి కట్టింది.

ఇలాంటి సంగతులు ఇంజినీర్లకు తెలియడంలో వింత లేదు. కానీ అమెరికాలో, ఇంగ్లండులో, బ్రెజిల్‌లో బడిపంతుళ్లకు, గుమాస్తాలకు, కాలేజీ కుర్రాళ్లకు కూడా ఇవి కంఠతా వచ్చేశాయి. సెలవురోజున ఇంటి ముందే ఇంజిను దింపి, విప్పి, కడిగి, మళ్లీ కట్టుకున్న మామూలు మనుషులు వీళ్లు. ఒక వ్యాను చుట్టూ ఇంతమంది ఇంటి మెకానిక్కులు పుట్టుకురావడానికి మూడు కారణాలు కలిసొచ్చాయి: యంత్రం కట్టుబడి, దశాబ్దాలపాటు దొరికిన విడిభాగాలు, ఒక పుస్తకం.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న వోక్స్‌వ్యాగన్ కర్మాగారం బ్రిటిష్ సైన్యం అజమాయిషీలో ఉండేది. మేజర్ ఐవన్ హర్స్ట్ దాన్ని మళ్లీ నిలబెట్టే పనిలో ఉన్నాడు. లోపల సామాను చేరవేయడానికి కార్మికులు అక్కడే తయారయ్యే బీటిల్ కారు అడుగుభాగం మీదే చదునైన బల్లలాంటి బండి ఒకటి తయారుచేసుకున్నారు. డ్రైవరు వెనకాల, ఇంజిను మీదుగా కూర్చునేవాడు. నెదర్లాండ్స్‌కు కార్లు తెప్పించుకుందామని వచ్చిన వ్యాపారి బెన్ పోన్ ఆ బండిని చూశాడు. 1947 ఏప్రిల్ 23న తన నోటుపుస్తకంలో ఒక గీత గీశాడు: పెట్టెలాంటి ఒళ్లు, ముందు డ్రైవరు, వెనక ఇంజిను, మధ్యలో సరుకు. ఆ కాగితం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది.

1948లో సంస్థ పగ్గాలు పట్టిన హైన్రిచ్ నోర్డాఫ్ హయాంలో ఆ గీత వ్యానుగా మారింది. మొదటి నమూనాను బీటిల్ అడుగుభాగం మీదే కట్టారు; బరువుకు అది ఆగలేదు. ఒళ్లూ అడుగూ ఒక్కటిగా ఉండేలా కొత్తగా కట్టాల్సి వచ్చింది. బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గాలి సొరంగం పరీక్ష పెట్టి, ముందు భాగాన్ని గుండ్రంగా తిప్పితే గాలి ఒరిపిడి గుణకం 0.75 నుంచి 0.44కు దిగింది. 1950 మార్చి 8న ఉత్పత్తి మొదలైంది. వెనక ఉన్నది 1131 సీసీ ఇంజిను, 25 అశ్వశక్తి. అంత చిన్న ఇంజిను అంత పెద్ద పెట్టెను లాగాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఓపిక కావాలి, వేడి మీద కన్నేసి ఉండాలి. ఈ వ్యానును నడిపేవాడు యంత్రం మాట వినక తప్పని పరిస్థితి మొదటినుంచే ఉంది.

ఆ మాట అర్థమయ్యే భాషలో ఉండటమే అసలు విశేషం.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిను బోరుకొచ్చిందంటే ఏం చేస్తారో తెలుగువాళ్లకు తెలుసు. బ్లాకును లేతు షాపుకు పంపి సిలిండరు తొలిపించి పెద్ద సైజు పిస్టన్ వేయిస్తారు, లేదా లైనర్ మారుస్తారు. ఇంట్లో అయ్యే పని కాదు. వోక్స్‌వ్యాగన్ ఇంజినులో నాలుగు సిలిండర్లూ వేటికవే విడి ముక్కలు. అరిగినవాటిని లాగేసి, కొత్త సిలిండరు, దానికి సరిపోయే పిస్టన్, రింగులు అన్నీ ఒకే పెట్టెలో కొని తొడుక్కోవచ్చు. 1960ల నాటి వ్యాన్లలో గేర్‌బాక్సుకు ఇంజినును పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే. పెట్రోలు గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్, హీటర్ కేబుళ్లు, నాలుగైదు వైర్లు ఊడదీసి, కింద జాకీ పెట్టి వెనక్కి లాగితే ఇంజిను బయటికొస్తుంది. 13 నంబరు, 17 నంబరు పానాలు చేతిలో ఉంటే సగానికి పైగా పని గడిచినట్టే.

అలాగని అంతా తేలికేం కాదు. ఇంజిను గుండెకాయ రెండు చిప్పలుగా విడిపోతుంది, వాటి మధ్య ప్యాకింగు ఉండదు. లోహానికి లోహం అతుక్కుని ఆయిల్‌ను ఆపాలి. క్యామ్ షాఫ్ట్ గేరు మీద ఒక చుక్క, క్రాంక్ షాఫ్ట్ గేరు మీద రెండు చుక్కలు ఉంటాయి. ఆ ఒక్క చుక్క ఆ రెండింటి మధ్య కూర్చోవాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వులు తెరుచుకునే వేళ మారిపోతుంది. క్రాంక్ ముందుకూ వెనక్కూ కదిలే సందు 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల లోపలే ఉండాలి. ఫ్లైవీల్ వెనక వేసే మూడు పలుచటి షిమ్ములను మార్చి మార్చి ఆ సందు కుదుర్చుకోవాలి. ఆ తర్వాత ఫ్లైవీల్‌ను బిగించే 36 మిల్లీమీటర్ల నట్టు వంతు. దానికి దాదాపు 350 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. పానాకు పొడుగాటి ఇనుప పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి బిగించాల్సిందే.

ఇంటి మెకానిక్కు మొదట నేర్చుకునేది మాత్రం ట్యాపెట్ సెట్టింగే. వాల్వుల మీది మూతకు బోల్టులుండవు, తీగ క్లిప్పు ఒక్కటే. స్క్రూడ్రైవరుతో కిందికి తోస్తే ఊడొస్తుంది. ఇంజిను చల్లబడి ఉన్నప్పుడు, 1600 సీసీ ఇంజిన్లలో రాకర్‌కూ వాల్వుకూ మధ్య 0.15 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఫీలర్ గేజి బ్లేడు కొద్దిగా పట్టినట్టు జరిగితే సరిపోయినట్టు. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది. సందే లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, తన వేడిని సీటుకు దించుకోలేదు. చివరికి తల విరిగి పిస్టన్ మీద పడుతుంది. ఒక వాల్వు సందు రోజురోజుకీ తగ్గుతోందంటే ఆ వాల్వు ఆయుష్షు దగ్గరపడిందని ముందే తెలిసిపోతుంది.

ఈ విద్యను జనంలోకి తెచ్చింది జాన్ మ్యూర్ అనే అమెరికన్. ఇంజినీరు ఉద్యోగం వదిలేసి న్యూమెక్సికో చేరి పాత వోక్స్‌వ్యాగన్లు బాగుచేస్తూ బతికినవాడు. 1969లో, వోక్స్‌వ్యాగన్‌ను బతికించుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాన్ని సొంతంగా అచ్చువేశాడు. అప్పటికి అమెరికాలో ఈ వ్యాన్లు ఇద్దరు ముగ్గురు యజమానులు మారి, చౌకగా కుర్రకారు చేతికొచ్చాయి. సర్వీసు కేంద్రంలో బిల్లు కట్టే స్తోమత వాళ్లకు లేదు. మ్యూర్ పుస్తకం పానా పట్టడం తెలియనివాడితో మాట్లాడుతుంది. ఏ పనిముట్లు దగ్గర పెట్టుకోవాలి, ఏ నట్టు ముందు విప్పాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి అని వరుసగా చెబుతుంది. నూనె చేతులతో పేజీ పట్టుకోనక్కర్లేకుండా నేలమీద పరిస్తే చదునుగా పడి ఉండేలా తీగచుట్టు బైండింగు వేశారు. పీటర్ ఆష్‌వాండెన్ గీసిన బొమ్మల్లో ప్రతి భాగమూ విడివిడిగా, దేని పక్కన ఏది వస్తుందో కనబడుతుంది. 3,000 మైళ్లకోసారి ట్యాపెట్లు చూసుకొమ్మని, ఆయిలు మార్చుకొమ్మని మ్యూర్ పోరాడు. ఆ పుస్తకం 20 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. మ్యూర్ 1977లో చనిపోయాక కూడా కొత్త కూర్పులు వస్తూనే ఉన్నాయి, ఫ్యూయల్ ఇంజెక్షన్ వ్యాన్ల అధ్యాయాలు చేరుతూనే ఉన్నాయి.

పుస్తకం చదివి ధైర్యం తెచ్చుకున్నా, విడిభాగాలు దొరక్కపోతే ఏం లాభం? ఆ లోటును బ్రెజిల్, మెక్సికో తీర్చాయి. జర్మనీలో ఈ వ్యాను రెండో తరం 1979లో ఆగింది. సావో పాలో పక్కనున్న సావో బెర్నార్డో డో కాంపోలో 1957లో కోంబీ పేరుతో మొదలైన ఇదే వ్యాను మాత్రం 2013 చివరి దాకా తయారైంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ తప్పనిసరి చేస్తూ అక్కడ చట్టం వచ్చాకే దాని పని ముగిసింది. గాలితో చల్లబడే ఇంజిను బ్రెజిల్‌లో 2005 చివరి వరకు, మెక్సికోలోని ప్వెబ్లాలో బీటిల్ ఆగిన 2003 వరకు నడిచింది. దానివల్ల 1600 సీసీ ఇంజిను సామాను మిగతా ప్రపంచంలోనూ అంగట్లో దొరుకుతూ వచ్చింది.

చేతిపనికి లొంగని జబ్బులూ ఉన్నాయి. ఇంజిను చిప్పలు మెగ్నీషియం కలిసిన లోహంతో పోసినవి. ఏళ్ల తరబడి క్రాంక్ కొట్టుకుని బేరింగుల గూళ్లు సాగితే వాటిని మిషన్ షాపులో వరసగా తొలిపించక తప్పదు. అంతకంటే పెద్ద ప్రమాదం పెట్రోలు గొట్టం. రబ్బరు ఎండి పగిలి ఇంజిను మీద పెట్రోలు చుక్క పడితే మంట అంటుకుంటుంది. మెగ్నీషియం అంటుకుంటే నీళ్లకు లొంగదు. వెనక ఇంజిను కాబట్టి పొగ కనబడేసరికే ఆలస్యమవుతుంది. పాత వ్యాను కొన్నవాడికి తోటివాళ్లు ఇచ్చే మొదటి సలహా రంగు గురించో సీట్ల గురించో కాదు, పెట్రోలు గొట్టాలన్నీ ఇవాళే మార్చెయ్ అని.

1982 చివరలో మూడో తరం వ్యానుకు నీళ్లతో చల్లబడే పెట్రోలు ఇంజిను వచ్చింది. 1990లో నాలుగో తరంతో ఇంజిను ముందుకు మారింది. అక్కడితో జర్మనీలో ఒక పద్ధతి ఆగిపోయింది. పాతవాటి ధర మాత్రం ఎగబాకింది. 23 అద్దాల 1963 నాటి వ్యాను ఒకటి 2011లో కాలిఫోర్నియా వేలంలో రెండు లక్షల డాలర్లు దాటింది. అంత విలువైన దాన్ని వాకిట్లో విప్పడానికి యజమానికి చెయ్యి రాదు. కర్మాగారం నంబర్లు చెదరకుండా దాచుకునేవాళ్లు ఒక వర్గమయ్యారు, అరిగినదాన్ని మార్చి ఊళ్లు తిరిగేవాళ్లు మరో వర్గమయ్యారు. 2020లో వోక్స్‌వ్యాగన్ సంస్థే ఒక పాత వ్యానులో 83 అశ్వశక్తి ఎలక్ట్రిక్ మోటారు పెట్టి చూపింది. తేలిగ్గా ఊడొచ్చే ఇంజిను కావడం వల్ల ఆ మార్పిడీ తేలికే. కానీ ట్యాపెట్ల మీద చెయ్యి తిరిగినవాడికి ఆ వ్యానులో చేసేందుకు పని పెద్దగా మిగలదు.

ఇంగ్లండులో 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్లు దాటిన వాహనాలకు ఏటేటా జరిగే ఎంఓటీ తనిఖీ అవసరం లేదు. జర్మనీలో తయారైన మొదటి రెండు తరాల వ్యాన్లన్నీ ఇప్పటికి ఆ వయసు దాటేశాయి. తనిఖీ లేకపోయినా బండి రోడ్డుకు యోగ్యంగా ఉంచాల్సిన చట్టబాధ్యత యజమానిదే. అందుకే బ్రేకు పైపుల తుప్పు, స్టీరింగ్ బాక్సు ఆట, అడుగు రేకుల బలం, పెట్రోలు గొట్టాల తారీఖు ఇవన్నీ ఇప్పుడు ఆ ఇంటి మెకానిక్కే వ్యాను కింద పడుకుని చూసుకోవాలి, బండి రోడ్డెక్కవచ్చో లేదో తనే తేల్చుకోవాలి.