అక్షరాలు పెద్దవి చెయ్యరా అంటే..

పోయినేడాది సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు కొత్తగా కొన్న ఈ-రీడరు అమ్మమ్మకి చూపించాను. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను అయింది. అయినా పేపరు చదవాలంటే భూతద్దం ఉండాల్సిందే. నేను ఓ ఇంగ్లీషు నవల తెరిచి, అక్షరాలు పెంచుకుంటూ పెంచుకుంటూ పోయి, తెర మీద పది లైన్లు మిగిలేదాకా పెంచి, "చూశావా అమ్మమ్మా, ఇక భూతద్దంతో పనిలేదు" అని గొప్పలు పోయాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "బానే ఉందిరా. కన్యాశుల్కం ఉందా ఇందులో?" అంది.

ఉంది. ఎప్పుడో నెట్లో దొరికిన పీడీఎఫ్. తెరిచాను. ఆరంగుళాల తెరలో పుస్తకం పేజీ మొత్తం ఇరుక్కుని కూర్చుంది, చీమల బారులాగా. "అక్షరాలు పెద్దవి చెయ్యరా" అంది. పెద్దవి చేస్తే లైను సగం తెర దాటి బయటికి పోయింది. ప్రతి లైనుకీ కుడికీ ఎడమకీ జరుపుకోవాలి. రెండు నిమిషాలు చూసి, రీడరు నా చేతిలో పెట్టేసి, భూతద్దం అందుకుంది.

ఆరేళ్ళుగా సాఫ్టువేరు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. తల కొట్టేసినట్టయింది. ఇంగ్లీషుకి జరిగేది తెలుగుకి ఎందుకు జరగదు అని వెనక్కొచ్చాక తవ్వడం మొదలుపెట్టాను. తవ్వితే తప్పు నా రీడరుది కాదనీ, దీని వెనక యాభై ఏళ్ళ కథ ఉందనీ తెలిసింది. ఈ-పుస్తకాలు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరూ "ఏ రీడరు కొనమంటావ్?" అని అడుగుతారు. నన్నడిగితే అంతకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. పుస్తకం లోపల ఏముంది? అది ఎవరి దగ్గరుంది?

సరే, మొదట్నించీ వద్దాం. 1971 జులై 4. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థికి అక్కడి జెరాక్స్ సిగ్మా కంప్యూటరు మీద బోలెడంత సమయం ఇచ్చారు. దాని విలువ పది కోట్ల డాలర్లని ఆయనే లెక్కేసుకున్నాడు. అంత విలువైన దాంతో ఏం చెయ్యాలా అని ఆలోచించి, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పత్రాన్ని కూర్చుని టైపు చేశాడు. అన్నీ పెద్దబడి అక్షరాలే, ఎందుకంటే చిన్నబడి అక్షరాలు అప్పటికి అందుబాటులో లేవు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా మొదలైంది. హార్ట్ 2011లో పోయాడు. ఆ సిగ్మా కంప్యూటర్లు ఏ మ్యూజియంలోనో ఉంటాయి. ఆయన కొట్టిన అక్షరాలు మాత్రం ఈ రోజు నా ఫోన్లో తెరుచుకుంటాయి. కారణం మరేం కాదు, ఆయన దాచింది ఉత్త అక్షరాలు. పేజీ బొమ్మా కాదు, ఏ కంపెనీ సొంత ఫార్మాటూ కాదు.

చేతిలో పట్టే రీడర్లు 1998లో వచ్చాయి, రాకెట్ ఈబుక్, సాఫ్ట్‌బుక్ అని. నేను ఉయ్యాల్లో ఉన్న రోజులు. నాకు ఉద్యోగం వచ్చేసరికి వాటి పేరు తెలిసినవాళ్ళే లేరు. ఎలక్ట్రానిక్ సిరా తెరతో మార్కెట్లోకొచ్చిన మొదటి రీడరు సోనీ లిబ్రియే, 2004లో జపాన్లో. తెర కాగితంలా ఉంటుంది, కళ్ళకి హాయి. కానీ డబ్బులు కట్టి తెచ్చుకున్న పుస్తకం 60 రోజులయ్యాక తెరుచుకోదు! మన వీధి చివర అద్దె పుస్తకాల షాపు నయం, కనీసం దాన్ని అద్దె అనే పిలిచేవాళ్ళు.

2006లో సోనీ పీఆర్ఎస్-500 వచ్చింది. దీంతో మనవాడొకడు కథలోకి వస్తాడు. అమెరికాలో పైచదువు చదువుతున్న కోవిద్ గోయల్ ఆ రీడరు కొనుక్కున్నాడు. చూస్తే అది లినక్సుతో పనిచెయ్యదు. నాలాంటివాడైతే తిట్టుకుని ఊరుకునేవాడు. ఈయన ఆ రీడరు కంప్యూటరుతో ఏ భాషలో మాట్లాడుతోందో విడగొట్టి చూసి, 2006 అక్టోబరు 31న సొంతంగా ఒక ప్రోగ్రాం మొదలుపెట్టాడు. లిబ్‌పీఆర్ఎస్500 అనే నోరు తిరగని ఆ పేరు 2008లో కాలిబర్ అయింది. ఉచితం, మూలం తెరిచి ఉంటుంది. ఈ-పుస్తకాలు సర్దుకోవాలంటే ప్రపంచంలో ఎక్కువమంది మొదట చెప్పే పేరు ఇదే. వందల కోట్ల కంపెనీలు చెయ్యని పనిని తన రీడరు కోసం ఒక విద్యార్థి చేసుకున్నాడు, మనందరికీ పనికొచ్చింది.

2007 ఈ కథలో పెద్ద సంవత్సరం. సెప్టెంబరులో ఈపబ్ ఫార్మాటు ప్రమాణంగా ఖాయమైంది. నవంబరులో అమెజాన్ కిండిల్ వచ్చింది, 399 డాలర్లు, ఐదున్నర గంటల్లో సరుకు అయిపోయింది. ఈపబ్ ఎవరైనా వాడుకోగలిగేది. కిండిల్‌ది అమెజాన్ 2005లో కొన్న మోబీపాకెట్ నుంచి వచ్చిన సొంత ఫార్మాటు. దారులు అక్కడ చీలాయి.

చీలితే ఏమైంది అంటారా? 2009 జులైలో కిండిల్ వాడేవాళ్ళు కొందరు నిద్ర లేచి చూస్తే కొన్న పుస్తకాలు మాయం. అమ్మినవాడికి అమ్మే హక్కు లేదని తెలిసి, అమెజాన్ జనం రీడర్లలోంచి వాటిని దూరం నుంచే తుడిచేసి, డబ్బులు వెనక్కిచ్చింది. ఏ పుస్తకాలో తెలుసా? జార్జ్ ఆర్వెల్ రాసిన 1984, యానిమల్ ఫామ్! ఇంత వెటకారం ఏ రచయితా కల్పించలేడు :-) పుస్తకంతోపాటు తను రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయిందని ఒక స్కూలు విద్యార్థి కోర్టుకెళితే, కంపెనీ లక్షా యాభై వేల డాలర్లిచ్చి రాజీ పడింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణమే మూసేసింది. కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోకుండా పోయాయి, డబ్బులు మాత్రం తిరిగొచ్చాయి. 2025 ఫిబ్రవరి 26న అమెజాన్, కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకుని తీగతో రీడరులోకి ఎక్కించుకునే వీలు తీసేసింది.

వీళ్ళని దొంగలని నేననట్లేదు. షరతుల్లో అంతా రాసే ఉంటుంది, మనం చదవం అంతే. కానీ అమ్మమ్మ బీరువాలో ఉన్న పుస్తకాన్ని షాపువాడు రాత్రికి రాత్రి వచ్చి పట్టుకెళ్ళి, పొద్దున్నే డబ్బులు గుమ్మంలో పెట్టి పోతే మనం ఊరుకుంటామా?

ఇహ తెలుగు సంగతి. యూనికోడ్ మొదటి వెర్షన్లోనే, అంటే 1991లోనే, తెలుగుకి చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. లేఖిని లాంటి పనిముట్లతో జనం నెట్లో తెలుగు రాయడం మొదలుపెట్టారు. కానీ మన అచ్చు పుస్తకాలు తయారయ్యే డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లే రాజ్యమేలాయి. అక్కడ తెలుగు అక్షరానికి తనదంటూ సంఖ్య ఉండదు. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తలకట్టునీ గుడినీ కొమ్మునీ ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టి, పైకి తెలుగులా కనిపించేట్టు చేస్తారు. అచ్చేసుకోవడానికి బంగారంలా పనిచేస్తుంది. కాపీ చేసి ఇంకోచోట పెట్టండి, పిచ్చి రాతలొస్తాయి. కాబట్టి ఆ పుస్తకం ఈ-పుస్తకం కావాలంటే సులువుగా అయ్యేది పీడీఎఫ్. పీడీఎఫ్ అంటే అచ్చు పేజీని ఎక్కడ తెరిచినా అలాగే చూపించాలని 1993లో పుట్టిన ఫార్మాటు. పేజీని కదలనివ్వకపోవడమే దాని పని. ఆరంగుళాల తెరలో ఆ మంచి గుణమే మన ప్రాణం తీస్తుంది.

పాత పుస్తకాల దారి వేరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయించాలని తలపెట్టారు. అందులోంచి మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికి పెద్ద కేంద్రం. గ్రంథాలయాల్లో పొడిపొడి అవుతున్న తెలుగు పుస్తకాలు ఎన్నో అలా బతికాయి. 2017 ప్రాంతంలో ఆ సైటు ఆగిపోయింది. కానీ అంతకుముందే కొందరు ఓపికగా లక్షల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేర్చబట్టి మనకి మిగిలాయి. అంటే ఇక్కడా అదే పాఠం, ఇంకో కాపీ ఉన్నది బతికింది.

అయితే అవి ఫోటోలు. నా కన్యాశుల్కం కూడా అదే జాతి. అందులో 'గిరీశం' అని ఎక్కడా లేదు, గిరీశం ఆకారంలో నల్లటి చుక్కలున్నాయి. చుక్కల్ని పెంచితే పెద్ద చుక్కలవుతాయి, లైను విరిగి కింది లైనులోకి రాదు. కాలిబర్‌లో పీడీఎఫ్‌ని ఈపబ్‌గా మార్చు అని నొక్కితే అయిపోతుందనుకున్నా. ఫోటోలు తెచ్చి ఈపబ్ డబ్బాలో పెట్టిచ్చింది. పాపం, దానికి మాత్రం ఏం తెలుసు?

పోనీ దుకాణాలు ఏమన్నా ఆదుకున్నాయా? 2016 డిసెంబరులో అమెజాన్ ఐదు భారతీయ భాషల్లో కిండిల్ పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. నిజం చెప్పాలంటే నాకు కోపం అమెజాన్ మీద కన్నా మన మీదే ఎక్కువొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల్ని బొమ్మల్లా పేర్చుకుని కూర్చుంటే ఎవడొచ్చి ఏం చేస్తాడు?

ఇంతకీ అమ్మమ్మ సంగతి ఏం చేశానంటే.. గురజాడ 1915లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళకి పుస్తకం అందరిదీ అవుతుంది, కాబట్టి కన్యాశుల్కం మనందరి ఆస్తి. (చలం 1979లో పోయారు కాబట్టి 2039 ఆఖరుదాకా ఆగాలి. పీడీఎఫ్ దొరికింది కదా అని పంచేసుకోవడం తగదు.) తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు పాత పుస్తకాల్ని పేజీ పేజీ అక్షరాల్లోకి మార్చి, తప్పులు దిద్దుతున్నారు. కన్యాశుల్కం అక్కడుంది. ఈపబ్‌గా దించుకోవచ్చు. దించి, కాలిబర్‌లో మండలి ఫాంటు జత చేసి, రీడరులోకి ఎక్కించాను. అక్షరాలొచ్చాయి, ఒత్తులు పక్కకొచ్చి నిలబడ్డాయి! 'అమ్మ' కాస్తా ముక్కలైంది. ఫాంటు ఉంటే చాలదు, అక్షరాన్నీ ఒత్తునీ కలిపి కూర్చే తెలివి రీడరులో ఉండాలి. ఆ పని చేసే హర్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్టువేరు ఉంది. దాన్ని వాడే కోరీడర్ అనే చదివే ప్రోగ్రాం నా రీడరులో వేసుకున్నాక ఒత్తులు వాటి చోట్లకి చేరాయి. మొత్తం మూడు శనివారాలు పట్టింది.

కొత్తవాళ్ళకి నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెప్తా. రీడరు కొనేముందు షాపులోనో స్నేహితుడి దగ్గరో మీ తెలుగు ఈపబ్ ఒకటి వేసి ఒత్తులు చూడండి. పుస్తకాన్ని డౌన్‌లోడ్స్‌లో వదిలెయ్యకుండా ఆరోజే కాలిబర్‌లో చేర్చి, పేరూ రచయితా సరిచెయ్యండి. నా దగ్గర శ్రీశ్రీ మూడు స్పెల్లింగులతో ముగ్గురు రచయితలుగా ఉండేవారు. చేర్చాక ఆ ఫోల్డర్లలో చేత్తో వేలు పెట్టకండి, ఏ మార్పయినా కాలిబర్ నుంచే చెయ్యాలి. ఆ ఫోల్డరు మొత్తాన్ని నెలకోసారి ఇంకో డిస్కులోకి కాపీ తీయండి. ఈపబ్, పీడీఎఫ్ రెండూ దొరికితే ఈపబ్ తీసుకోండి. తాళం వెయ్యకుండా అమ్మేవాళ్ళు ఎక్కడున్నా వాళ్ళ దగ్గరే కొనండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

వేసవిలో మళ్ళీ తెనాలి వెళ్ళి రీడరు అమ్మమ్మకిచ్చాను. తెరకి ఎనిమిది లైన్లు పెట్టుకుంది. మధ్యాహ్నం నిద్ర మానేసి మొదటి అంకం చదివేసింది. సాయంత్రం పిలిచి, "ఒరేయ్ నాన్నా, ఇందులో అచ్చుతప్పులున్నాయిరా. ఎవరో చూసుకోకుండా కొట్టారు" అంది. కాగితం మీద రాసిపెట్టమన్నాను. ఇప్పటికి పదిహేడు రాసింది. వాటిని ఒక్కొక్కటే స్కాన్ పేజీతో పోల్చి చూసుకుని వికీసోర్స్‌లో దిద్దుతున్నాను. మూడుచోట్ల గురజాడ రాసిందే అలాగట, ఆ మాట చెప్తే ఆవిడ ఇంకా ఒప్పుకోవట్లేదు.